కొంగు కింద బేరం

డెబ్భై నాలుగు ఎండాకాలమంతా నేను మా అక్క కడుపును అడ్డం పెట్టుకుని పాత సామాన్ల దుకాణానికి తిరిగాను.

మా అక్క సుమిత్ర పటాన్‌చెరువులో ఉండేది. ఆ రోజుల్లో అక్కడ ఒకటొకటిగా లేస్తున్న ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో మా బావ గుమాస్తా. అక్కకు ఆరో నెల. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. నేను కాపురం చేసేది సంగారెడ్డిలో. కడుపుతో ఉన్న అక్కకు సాయం అంటే ఏ అత్తగారూ కాదనలేదు కనుక, వారానికోసారి, మంగళవారం నాడు, బస్సెక్కేదాన్ని. అక్కకు వండిపెట్టిన మాట, తల దువ్విన మాట అబద్ధం కాదు. కాకపోతే బస్సు దిగి అక్క ఇంటికి నడిచే దారిలో, బొంబాయి రోడ్డు పక్కన, మొగులమ్మ దుకాణం ఉండేది. దాన్ని దాటిపోగల నిగ్రహం దేవుడు నాకివ్వలేదు. కోఠీ కాలేజీలో చదివిన బి.ఏ. కూడా ఇవ్వలేదు.

దుకాణమంటే రేకుల షెడ్డు. మధ్యాహ్నానికి లోపల అప్పడాలు కాల్చుకోవచ్చు. బదిలీ అయిన ఆఫీసర్లు వదిలేసిన దోమతెర కర్రలు, ఫ్యాక్టరీకి మిషన్లొచ్చిన పెట్టెల చెక్కతో కొట్టిన కుర్చీలు, పట్నంలో కూలిన నవాబుల దేవిడీల నుంచి వచ్చిన పాలరాతి బల్లలు, లోపల ఏమీ లేని రేడియో, పెద్ద ముల్లు లేని గోడ గడియారం. గంటలు చాలు, నిమిషాలతో ఆడదానికేం పని అని దాన్ని నేనే కొన్నాను.

"గా కుర్సీ ఎంత, మొగులమ్మ?"

"కుర్సీ నీకెందుకు, సావుకారమ్మా. నీ చెయ్యి కుర్సీ మీదున్నది, సూపు జాడీ మీదున్నది."

"ఏ జాడీ?"

"మూత లేని జాడీ. వచ్చినకాంచి దానిదిక్కు సూడకుంట ఉండెటందుకు ఎంత తక్లీఫ్ పడుతున్నవో సూస్తనే ఉన్న."

మొగులమ్మ తండ్రి పశువుల అంగడిలో దలాలి. ఆ అంగట్లో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. పట్టుకున్న వేళ్ళెన్నో ధర అంత. చుట్టూ పదిమంది నిలబడ్డా ఎంతకు తెగిందో ఇద్దరికే ఎరుక. మొగులమ్మ ఆ పద్ధతిని తన దుకాణానికి తెచ్చుకుంది. ఆడవాళ్ళు వస్తే తువ్వాలకు బదులు తన కొంగు పరిచేది. మగవాళ్ళొస్తే ఆమె భర్త నర్సన్న తన తువ్వాల తీసేవాడు.

మొదట్లో నాకు సిగ్గేసింది. తర్వాత అందులో ఉన్న సుఖం తెలిసింది. నోటితో బేరమాడితే అబద్ధాలాడాలి. కొంగు కింద ఆ బాధ లేదు. ఆమె నాలుగు వేళ్ళు పట్టుకుంటుంది, నేను రెండు. ఆమె నా బొటనవేలు గిల్లుతుంది, అంటే ఇంకొంచెం పైకి రా అని. పైన మాత్రం ఇద్దరం ఎండల గురించి, చక్కెర దొరకకపోవడం గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. చివరికి ఆమె నా గుప్పిట మూసేస్తుంది. తెగిందన్నమాట. ఆ గుప్పిట మూసిన క్షణంలో ఉన్న ఆనందం పరీక్ష ఫలితాలప్పుడు కూడా నాకు కలగలేదు.

ఇంటికి తెచ్చిన ప్రతిదీ "అక్క ఇచ్చింది" అనేదాన్ని. జాడీ అక్క ఇచ్చింది. గడియారం అక్క ఇచ్చింది. కాఫీ వడపోసే ఇత్తడి డబ్బా అక్క ఇచ్చింది. మా అత్తమ్మ ఒకరోజు చాటలో పెసలు చెరుగుతూ, తల ఎత్తకుండా అంది: "పాపం, కాన్పు నాటికి మీ అక్క ఇంట్ల ఏమన్న మిగులుతదా?"

ఇంత దొంగతనం ఎందుకంటే, మాది వ్యాపారం ఇల్లు. మామగారు విశ్వేశ్వర్‌కు గంజ్‌లో ధాన్యం అడ్తి దుకాణం, రైతుల సరుకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునేది. తెల్లారితే మిరపకాయల మీద, పొద్దుగూకితే కందుల మీద బేరం. మా ఆయన కాశీనాథ్ అన్నం తింటూ కూడా ఆ పూట ఏది ఎంత పలికిందో ధారణ చెప్పేవాడు. అలాంటి ఇంట్లో ఆడది బేరమాడితే పరువు తక్కువట. ఇంకొకరు వాడిన వస్తువు గడప దాటితే ఇక పరువే లేదట. ఈ నియమాలు ఎవరు రాశారో తెలియదు. రాసినవాళ్ళు చీరలు కట్టుకోలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

మా ఇంట్లో ఇంకొకామె ఉంది. సుశీల, నా తోటికోడలు. మా మరిది సోమేశ్వర్ జ్వరంతో పోయి రెండేళ్ళు. అప్పటికి సుశీలకు ఇరవై మూడు. పుట్టింటివాళ్ళు పెళ్ళిలో పెట్టిన కాలి మిషనొకటి వెనక అర్రలో ఉండేది. మొదటి ఏడాది దానిమీద కప్పిన గుడ్డ తియ్యలేదు. రెండో ఏడాది నా రవిక ఒకటి కుట్టింది. తర్వాత పక్కింటామెది, ఆ పక్కామెది. ఆ రవికలు ఎంత చక్కగా కూర్చునేవంటే, తాసిల్దారు గారి భార్య కూడా గుడ్డ పంపించింది. సుశీల ముఖంలో మెల్లమెల్లగా మనిషి తిరిగొస్తుండటం నేను చూశాను. ఆమె నోరు తెరిచి నవ్వింది కూడా, మిషన్ పట్టీ తెగినప్పుడు. ఊళ్ళో పట్టీ దొరక్క, నేను నా కాలేజీ సంచికున్న ఎర్ర తోలుపట్టీ కోసి చక్రానికి బిగించాను. "అక్కా, నీ చదువు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది" అని నవ్వింది.

అది మాఘమాసంలో. చైత్రంలో మిషన్ రిపేరుకని పట్నం పోయింది.

నేను అక్క దగ్గరున్న రోజు మా ఆయన దుకాణం లారీలో ఎక్కించుకుని పోయాడట. మిషన్‌కు రోగమేమీ లేదు కదా అని సుశీల అనుకుందేమో గానీ పైకి అనలేదు. కత్తిరించిన గుడ్డలు ఆమె ట్రంకుపెట్టె మీద దొంతరగా పడి ఉండేవి. వారానికోసారి తలుపు చాటున నిలబడి అడిగేది.

"బావా, మిషన్ ఎప్పుడొస్తది?"

"పట్నం పని గద సుశీల. జెర ఆలస్యమైతది" అనేవాడు మా ఆయన, చెప్పులు వెతుక్కుంటూ. ఆయన చెప్పులు కాళ్ళకే ఉండేవి.

తాసిల్దారు గారి బంట్రోతు వచ్చి కుట్టని గుడ్డ వాపసు తీసుకుపోయిన రోజున సుశీల అన్నం తినలేదు. ఎండకు ఆకలి లేదంది. మళ్ళీ వెనక అర్రలో గోడవైపు తిరిగి పడుకోవడం మొదలైంది. ఆ మనిషి అటు తిరిగి పడుకోవడం నేను ఏడాది పాటు చూసినదాన్ని. నాకు భయమేసింది.

వైశాఖంలో ఒక మంగళవారం. మొగులమ్మ దుకాణంలో నేను ఇనుప మంచానికి ధర అడుగుతూ, అంటే ఇత్తడి పళ్ళెం మీద కన్నేసి, మూల వైపు చూశాను. దోమతెర కర్రల వెనక కాలి మిషన్ ఒకటి నిలబడి ఉంది. ఎవరిదో పాపం అనుకుని వంగి చక్రం చూశాను.

ఎర్ర తోలుపట్టీ.

పట్టీ మీద నేను కాలేజీ మొదటి సంవత్సరంలో పెన్నుతో గీసిన తామరపువ్వు కూడా ఉంది.

"మొగులమ్మా, ఇది ఎట్లొచ్చింది?"

"లారీల వచ్చింది. నెల దాటింది."

"తెచ్చిందెవరు?"

"సన్నగ, తెల్లగ, అద్దాలు పెట్టుకున్న మనిషి. వాళ్ళ నాయన అమ్మమన్నడట. నర్సన్న తువ్వాల తియ్యబోతె వద్దన్నడు. బేరమే చెయ్యలె, సావుకారమ్మా. ఎంతిస్తె గంత జేబులేస్కొని ఉరికిండు. గసొంటోన్ని నేనింతవరకు సూడలె. దొంగసొత్తేమో అని మొన్నటిదాక గోనె కప్పి మూల దాచిపెట్టిన."

కోపంలో కూడా మనిషికి వరసలుంటాయని ఆ రోజు తెలిసింది. సుశీల వస్తువు సుశీలను అడక్కుండా అమ్మారన్నది ఒక కోపం. రిపేరని అబద్ధమాడారన్నది ఇంకొకటి. పాత వస్తువు కొంటే పోయే పరువు, విధవ వస్తువు అమ్మితే పోలేదా అన్నది మరొకటి. వీటన్నిటి అడుగున, ఒప్పుకోవడానికి నామోషీ గానీ, గుప్పెడు కందుల కోసం గంటసేపు వాదించే విశ్వేశ్వర్ సావుకారి కొడుకు బేరమన్నా చెయ్యకుండా అమ్మాడే అన్న మంట వేరేగా ఉంది.

"నేను కొంట" అన్నాను.

"ఆలస్యమైంది తల్లీ. ఫ్యాక్టరీకి వర్దీలు కుట్టే దర్జీ నిన్ననే బయానా ఇచ్చిండు. శనివారం బండి తెస్తడు. మాటిచ్చిన." నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "మీదేనా?"

"మా ఇంటిదే" అన్నాను. ఆ మాట అంటుంటే నోరు చేదైంది.

ఆ రోజు అక్క ఇంటికి పోయి చారు మాడ్చాను. అక్క అంతా విని, పడుకున్నచోటు నుంచే అంది: "చెప్తె నీ తిరుగుడు గూడ బైటపడుతది, రుక్కు. మళ్ళ నన్ను సూడనిస్తరో లేదో."

నిజమే. నోరు మూసుకుంటే నా మంగళవారాలు మిగులుతాయి. తెరిస్తే మిషన్ దక్కుతుందన్న నమ్మకమూ లేదు. అయినా సంగారెడ్డి బస్టాండు నుంచి ఇంటికి నడిచేసరికి నాకు ఆలోచన అయిపోయింది, కోపమే మిగిలింది.

మా ఆయన పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. అత్తమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. సుశీల వెనక అర్రలో ఉంది. మామగారు ఇంకా దుకాణంలోనే.

"మిషన్ రిపేరైందా?" అన్నాను.

"రెండు మూడు దినాలల్ల..."

"అయింది. నేను సూసిన. పటాన్‌చెరువుల, మొగులమ్మ రేకుల షెడ్డుల. శనివారం దర్జీ కొంటపోతడట."

చెంబు ఆయన చేతిలోనే ఆగింది. దాన్ని కింద పెట్టి అడిగాడు.

"నువ్వు కబాడీ దుకాణానికి పోయినవా?"

చూడండి. అంత చెప్తే ఆయనకు వినబడింది అది.

"పోయిన. చైత్రం నుంచి పోతనే ఉన్న. మీరు అన్నం తినే పళ్ళెం గూడ ఆడికెల్లి తెచ్చిందే."

"మన ఇంటి కోడలు కబాడీ దుకాణంల... ఎవరన్న సూస్తె?"

"ఎవరు సూస్తరు? మనోళ్ళు ఆడ కొనరు గద. అమ్మెటందుకే పోతరు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాయన చెప్పిండు, రుక్మిణి. గంజ్‌ల ఎవడో అన్నడట, సావుకారి ఇంట్లకు కుట్టుకూలి గూడ వస్తున్నది ఇగ తక్కువేముందని. నాయనకు తల కొట్టేసినట్టయింది. సంగారెడ్డిల అమ్మితె తెలుస్తదని గంత దూరం పంపిండు. నేనేం జేస్త?"

"బేరమన్న జేయకపోయిన్రా?"

ఆయన చెంబు అందుకుని, కడిగిన కాళ్ళే మళ్ళీ కడుక్కున్నాడు. నాకూ ఆ మాట అనాల్సింది కాదనిపించింది, కానీ అనేశాను.

వసారాలో చింతగింజలు పళ్ళెంలో పడుతున్న చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. తిరిగి చూసేసరికి మళ్ళీ మొదలైంది.  ఆ సాయంత్రం అన్నాలప్పుడు కూడా అత్తమ్మ వడ్డించి లేచిపోయింది. ఈ ఇంట్లో రాయికైనా నోరొస్తుందేమో గానీ ఈమెకు రాదని పళ్ళు నూరుకుంటూ పడుకున్నాను.

తెల్లారి అత్తమ్మ పెళ్ళిళ్ళకు కట్టే జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది.

"మీ అక్కను సూసి శాన దినాలాయె. నేను గూడ వస్త. సుశీలను తయారు కమ్మను. కాన్పు దగ్గర పడుతున్న ఇంట్ల చేతులు కావాలె."

మామగారు పేపరు పక్కకు జరిపి చూశారు. "ముగ్గురెందుకు?"

"ఒకరు వండాలె, ఒకరు ఉతుకాలె, ఒకరు ఊకె కూసోని చెప్పాలె" అంది అత్తమ్మ. మామగారు మళ్ళీ పేపరు అడ్డం పెట్టుకున్నారు.

బస్సులో అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది. సుశీల వెనక సీట్లో. కంది ఊరు దాటాక అత్తమ్మ నా వైపు తిరక్కుండా అడిగింది.

"ఆ మూత లేని జాడీకి ఎంతిచ్చినవ్?"

టిక్కెట్టు మడత పెడుతూ ఎంతిచ్చానో చెప్పాను. 

"ఎక్కువిచ్చినవ్" అంది.

దుకాణం ముందు ఆగినప్పుడు సుశీలకు ఏమీ అర్థం కాలేదు. అత్తమ్మ చీర కుచ్చెళ్ళు కొంచెం పైకెత్తి, దోమతెర కర్రలు దాటి, ఎవరినీ అడక్కుండా నేరుగా మూలకు పోయి నిలబడింది. వెనకే పోయిన సుశీల మిషన్ను చూసింది. నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె కొంగుతో మిషన్ బల్ల మీది దుమ్ము తుడిచింది. చక్రం తిప్పింది. వంగి చూసింది.

"రిపేరు మంచిగనే జేసిన్రు" అంది. "సూది విరగ్గొట్టిన్రు."

మొగులమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పెద్దమ్మా, దీనికి బయానా అయింది. మాట తప్పితె నా దుకాణం..."

"కొంగు పరువు" అంది అత్తమ్మ.

మొగులమ్మ నా వైపు చూసింది. ఈ పద్ధతి నేను చెప్పానేమోనని. నేను చెప్పలేదు.

"మా నాయనది జోగిపేటల అడ్తి. చిన్నప్పుడు ఆయన ఒళ్ళ కూసుంటె తువ్వాల కింద చెయ్యి నాదే ఉండేటిది. పరువు."

మొగులమ్మ కొంగు పరిచింది. ఇన్నేళ్ళు చింతగింజలు తీసిన చెయ్యి ఆ కొంగు కిందికి పోయింది. నేను గుడ్డవైపే చూస్తున్నాను. బేరమంటే ఆ గుడ్డ కదలాలి. ఇటు గుంజాలి, అటు గుంజాలి. వేళ్ళు పట్టాలి, విడవాలి, మళ్ళీ పట్టాలి.

గుడ్డ ఒక్కసారి కదిలింది. అంతే.

మొగులమ్మ అత్తమ్మ ముఖంలోకి చూసింది. గుప్పిట మూసింది.

"దర్జీకి ఏం చెప్పాల్నో నేను సూసుకుంట" అంది.

అత్తమ్మ నడుముకున్న గుడ్డసంచి విప్పి అటు తిరిగి లెక్క పెట్టింది. ఎంతో నాకిప్పటికీ తెలియదు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా మొగులమ్మ చెప్పలేదు. "కొంగు కింది మాట" అనేది. ఆ పూట మాత్రం నాకు ఒళ్ళు మండింది. నేను రెండు నెలలు తిరిగి నేర్చుకున్న విద్య పుట్టుకతోనే వచ్చినామె, బేరమాడకుండా కొన్నది.

నర్సన్న బండి మీద మిషన్ అక్క ఇంటికి చేరింది, సంగారెడ్డికి కాదు. అక్క ముందు గదిలో కిటికీ కింద పెట్టించి, అత్తమ్మ సుశీలతో అంది: "కాన్పు అయ్యేదాక ఈడనే ఉండు. అయినాక బాలింతను ఇడిసిపోవద్దు. బిడ్డకు నడక వచ్చేదాక అసలే పోవద్దు."

"మామయ్య..." అంది సుశీల.

"మీ మామకు నేను చెప్త. మనిషి సాయానికి పోతె పరువు పోదు."

ఆమె ఏం చెప్పిందో గానీ మామగారు నెల రోజులు ఏమీ అడగలేదు. అడిగినప్పుడు "పురుటింట్ల ఉన్నది" అనేది. అక్కకు ఆషాఢంలో ఆడపిల్ల పుట్టింది. పురుడు గడిచింది. పేరు పెట్టడం గడిచింది. మా ఇంట్లో అత్తమ్మ నోటివెంట మాత్రం ఆ పురుడు గడవలేదు. మా ఆయన ఒకసారి నాకు కాగితంలో చుట్టిన పొట్లమిచ్చి, "పోతవు గద, ఇచ్చిరా" అన్నాడు. విప్పి చూస్తే మిషన్ సూదులు. ఆయన మీద నా కోపం తగ్గలేదు గానీ, సూదులు మంచివే తెచ్చాడు.

మొగులమ్మ దర్జీకి చెప్పిందేమిటో మెల్లగా తెలిసింది. మిషన్ దక్కకపోతేనేం, దానిమీద కుట్టే మనిషే దొరికింది పో అందట. ఫ్యాక్టరీ పనివాళ్ళు వేసుకునే వర్దీలు రోజూ మూటలుగా అక్క ఇంటికి రాసాగాయి. ఖాకీ గుడ్డ వాసనకు పసిపిల్ల తుమ్మేది. సుశీల గోడవైపు తిరిగి పడుకోవడం మానేసింది. పడుకునే తీరికే లేదు.

శ్రావణంలో మామగారు ఒక ఫ్యాక్టరీ క్యాంటీనుకు బియ్యం సరఫరా మాట్లాడుకోవడానికి పటాన్‌చెరువు వచ్చారు. పని కాగానే నేరుగా అక్క ఇంటికొచ్చారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. పిల్లకు నూనె రాస్తున్నాను. గడపలో నిలబడి ఆయన చెప్పులు విడిచారు.

"ఇగ శానైంది. సుశీలను తోలుకపోదామని వచ్చిన."

తర్వాత ఆయనకు కిటికీ కింద మిషన్ కనబడింది. దాని ముందు కూర్చున్న కోడలు కనబడింది. ఆయన చూపు చక్రం మీద ఆగి, నా మీదికొచ్చి, మళ్ళీ చక్రం మీదికి పోయింది.

మా ఇంట్లో మామగారు దగ్గితే కోడళ్ళు ఎక్కడున్నా లేచి నిలబడాలి. అన్నం ముందున్నా సరే. నేను చేతులకు నూనెతోనే లేచాను.

సుశీల లేవలేదు. ఖాకీ చొక్కాకు చెయ్యి అతుకుతోంది. సగం కుట్టు పడింది. ఆమె కాలు ఆగలేదు.

మామగారు దగ్గారు.

మిషన్ చప్పుడు అలాగే సాగింది. చంక దగ్గర వంపు తిరిగి, మెల్లగా చివరికొచ్చింది. సుశీల దారం తెంపింది. అప్పుడు లేచి, కొంగు సర్దుకుని, స్టూలు ఆయన వైపు జరిపింది.

"కూసోండ్రి మామయ్య" అంది. "ఇంకొక చెయ్యి ఉన్నది. అది అతికినంక మాట్లాడుదాం."

మళ్ళీ కూర్చుని మిషన్ కాలు మోపింది. మామగారు నా వైపు చూశారు, ఏదైనా అంటానేమోనని. నేను పిల్లను ఎత్తుకున్నాను. ఆయన తువ్వాలతో స్టూలు దులుపుకుని కూర్చున్నారు.